బోర్లించిన పడవ

మంచుకు సైకిలు ఆనించి, పక్కనే కూర్చుని చద్దన్నం తిన్నవాణ్ణి నేను. గజపతినగరం దాటాక జరిగిన సంగతి. చేరేయడానికి చెట్టు కనబడలేదు, గోడ కనబడలేదు. మంచే కాస్త గట్టిగా తగిలితే దానికే ఆనించాను. అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి ఎండ వచ్చింది, సైకిలు దబ్బున కింద పడింది. నమ్మేవాళ్ళు నమ్మండి. నమ్మనివాళ్ళు మాత్రం ఇక్కడితో ఆపేయకండి. ఇక ముందు చెప్పబోయేదానిలో అబద్ధం పాలు బాగా తక్కువ. పైగా దానికి సాక్ష్యం ఇప్పటికీ రాజాంలో ఒక గోడకు వేలాడుతోంది.

మెడలో కెమెరా తగిలించుకుని తిరిగే ఈ కాలపు కుర్రాళ్ళను చూస్తే నాకు ముచ్చటే. ముందు నొక్కేస్తారు, తరువాత ఆలోచిస్తారు. మాకు ఆ సుఖం లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్త రోజులవి. గాజు ప్లేట్లు దొరకడమే గగనం. ఒక్క ప్లేటు పాడైతే ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టు దిగులు పడేవాళ్ళం. కెమెరా అంటే మోకాలంత పెట్టె, దానికి మూడు కాళ్ళ కర్ర స్టాండు, వెనక కప్పుకోవడానికి నల్లగుడ్డ. ఆ గుడ్డలో తలదూర్చి, పెట్టె వెనకనున్న గరుకు అద్దంలో బొమ్మ చూసుకుని, సరిపోయిందనుకున్నాక ప్లేటు దోపి తీసేవాళ్ళం.

తీసేవాళ్ళం అన్నాను గాని, నేను తీసేవాణ్ణి కాదు. విజయనగరంలో ఒక స్టూడియోలో నా పని నెగటివుల మీద పెన్సిలు ముక్కతో మొటిమలు చెరపడం. అమ్మవారు పోసిన మచ్చలు, పాత గాట్లు, ఒక పెద్దమనిషికైతే మూడో గడ్డం కూడా నా పెన్సిలుకే పోయింది. ఆ చుట్టుపక్కల ఎన్ని సంబంధాలు కుదిరాయో, అన్నింటిలోనూ పైసాకి కొరగాని వాటా నాకుంది. కానీ కెమెరా ముట్టుకోనిచ్చేవారు కాదు. దాన్ని ముట్టుకునే హక్కు ఒక్క పెద్ద కెమెరామనుదే. ఊరంతా ఆయన్ని మావ అనేవారు, నేనూ అనేవాణ్ణి.

ఒకరోజు రాజాం నుంచి ఒక ధాన్యం షావుకారు వచ్చారు. కొత్త ఇల్లు కట్టించారు, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించారు. ఆయన తాతగారు ఎడ్ల మీద ఉప్పు బస్తాలు వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి కొండల దాకా నడిచి వ్యాపారం చేసిన మనిషట. ఆ దారంతా ఫోటోలు తీయించి హాలులో వరసగా తగిలించాలని షావుకారు గారి కోరిక. మనుషులు అక్కరలేదు. మొదట సముద్రం, తరువాత ఏరు, పొలాలు, కొండలు.

మా యజమాని మావ వైపు చూశాడు. మావ తల అడ్డంగా ఊపాడు.

"కొండని నవ్వమంటే నవ్వదు. సముద్రాన్ని కదలకమ్మా అంటే ఇనదు. కుర్సీలో కూకునేదేదైనా ఉంటే సెప్పండి, తీస్తాను. ఇది నా వల్ల కాదు బాబూ."

యజమాని నావైపు తిరిగాడు. "ఒరే, నీకు సైకిలు వచ్చు కదేటి?"

ఆ రోజుకి నాకున్న అర్హత అదే. వచ్చునన్నాను.

"అయితే నువ్వెళ్ళు. ఫోటోలు షావుకారికి నచ్చాయా, ఇవాళ్టి నుంచి ఊరి బయట కెమెరా నీది. నచ్చలేదా, పెన్సిలు ముక్క నీది. మళ్ళీ జన్మలో కెమెరా ఊసెత్తకూడదు."

బయలుదేరే ముందు మావ నన్ను పక్కకు పిలిచాడు. కెమెరా పెట్టెను తాడుతో సైకిలుకు తనే కట్టాడు. కడుతూ ఒక్కటే మాట చెప్పాడు. "ఎవరేటి అడిగినా ఇచ్చీ. అన్నం అడిగితే పెట్టీ. గుడ్డ కింద తల పెడతానంటే మాత్రం పెట్టనీకు. అద్దంలో లోకం తలకిందులుగా ఉంటాది. అది మనం సూడొచ్చు, జనం సూడకూడదు."

నేను నవ్వాను. పెన్సిలుతో మూడో గడ్డం చెరిపినవాడికి ఈ పాటి సంగతి తెలియదా అనుకున్నాను.

గజపతినగరం దగ్గర కొండల ఫోటో బాగానే వచ్చింది. మంచు తెర కాస్త తొలగగానే, కోసిన వరి మళ్ళ అంచున కొండలు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ఎవరో పిలిచి నిలబెట్టినట్టే ఉన్నాయి. కదలకండర్రా అని నేను చెప్పాను కూడా. ఆ మాటకు పక్క పొలంలో కుప్ప నూరుస్తున్న రైతు పని ఆపేసి, నడుం మీద చేతులు పెట్టుకుని బిగుసుకుపోయాడు. "నిన్ను కాదు బాబూ, కొండని" అన్నాను. "కొండ ఎక్కడికి పోతాదిరా, పిచ్చోడా" అన్నాడు.

రాజాంలో షావుకారు గారింట్లోనే దిగాను. ధాన్యం బళ్ళు బారులు తీరి పట్నంలోకి వస్తున్న దారిని పొద్దున్నే తీశాను. ఆయన పక్కనే నిలబడి చూస్తూ, మెల్లగా ఒక మాట అన్నారు. "బాబూ, తతిమ్మావి ఎలాగున్నా నాను సర్దుకుంటాను. సముద్రం మాత్రం సరిగ్గా రావాల. మా తాత ఆ నీళ్ళు తాకి, దండం పెట్టి బయలెల్లేవాడట. అది లేకపోతే నా గోడ మీద దారికి మొదలే లేదు."

ఆ మాటతో నా కెమెరా బతుకంతా సముద్రం ఫోటో మీదికి వచ్చి కూర్చుంది.

శ్రీకాకుళంలో నాగావళి ఇసకలో దిగి ఏటి ఫోటో తీశాను. తీసి, స్టాండు సర్దుతూ ఉంటే చాకిరేవు నుంచి ఒక గాడిద వచ్చింది. కెమెరా ముందు నిలబడి లెన్సులోకి చాలాసేపు చూసుకుంది. ఏం కనబడిందో ఏమో, వెనక్కి తిరిగి రెండు కాళ్ళూ ఎత్తి తన్నింది. కెమెరాకు తగలలేదు, దేవుడు దయగలవాడు. కొత్త ప్లేట్ల పెట్టెకు తగిలింది; తీసినవి వేరే సంచిలో ఉన్నాయి కాబట్టి బతికాయి. తెరిచి చూస్తే ఒక్కటి మిగిలింది, తక్కినవన్నీ అటుకుల్లా ఉన్నాయి. చాకలి పరిగెత్తుకొచ్చి ఓదార్చాడు. "ఊరుకో బాబూ, అది మా ఆవిణ్ణి కూడా తన్నీసింది" అన్నాడు.

ఒక్క ప్లేటుతో టెక్కలి మీదుగా భావనపాడు చేరాను. దారి పొడుగునా తాటిచెట్లు, జీడితోటలు, ఎండకు మెరిసే ఉప్పు మళ్ళు. ప్రతి మలుపులోనూ ఒక ఫోటో చెయ్యి ఊపి పిలిచింది. నేను పళ్ళు బిగించుకుని, తల వంచుకుని సైకిలు తొక్కాను. అంత అందమైన దారిలో అంత కసిగా పోయినవాడు మరొకడు ఉండడు.

సాయంత్రానికి ఒక పడవ యజమాని ఇంటి అరుగు మీద చోటు దొరికింది. నలభై ఏళ్ళ మనిషి. సముద్రం మీద కేకలు వేసి అలవాటైన గొంతు, మనం ఎదురుగా ఉన్నా అవతలి గట్టున ఉన్నట్టే మాట్లాడతాడు. వాళ్ళమ్మ ఆ ఇంటికి, నాకు తెలిసినంతలో ఆ ఊరికి కూడా, పెద్ద. ఎడమ కాలికి చేప ముల్లు దిగి కుంటుతూనే నాకు చేపల పులుసుతో అన్నం పెట్టింది. "ఇంత దూరం సైకిలు తొక్కుకుని నీళ్ళ బొమ్మ కోసం వచ్చావేటి? మీ ఊర్లో నూతుల్లేవా?" అని అడిగింది.

తెల్లవారింది. పడవలు ఒడ్డున వరసగా ఉన్నాయి, ముక్కులు నీళ్ళ వైపు. వలలు ఎక్కించారు. చేపలు బాగా పడే రోజులవి, అందరికీ తొందర. నేను స్టాండు కాళ్ళు పొట్టిగా చేసి, కెమెరాను ఇసక మీదికి వంచి పెట్టాను. ముందు తడి ఇసక, దాని మీద నాకు చోటిచ్చినాయన పడవ, వెనక సముద్రం, ఆపైన ఎండెక్కుతున్న ఆకాశం. గుడ్డలోంచి తల బయటికి తీసి, ముందున్న ఇసక మీద ఎవరూ అడుగు పెట్టకండని కేకేశాను. అంత బాగా కుదిరింది.

"ఏటి కనబడతన్నాది, ఫోటోగ్రాఫరు బాబూ?" అన్నాడు పడవ యజమాని.

అప్పటిదాకా నన్ను ఎవరూ ఫోటోగ్రాఫరు అనలేదు. విజయనగరంలో అందరికీ నేను పెన్సిలుగాణ్ణే. ఆ మాట చెవిన పడగానే మావ చెప్పిన మాట రెండో చెవిలోంచి బయటికి పోయింది. ఠీవిగా గుడ్డ ఎత్తి పట్టుకున్నాను.

"రా, నువ్వే చూడు" అన్నాను.

అతను తల దూర్చాడు. బయటికి వచ్చిన మొహంలో నెత్తురు లేదు. మొదటిసారి అతని గొంతు చిన్నదైంది.

"నా పడవ బోల్తా పడిపోనాది."

పక్కనే పడవ భద్రంగా ఉంది. దాన్ని చూశాడు, పెట్టెను చూశాడు. మళ్ళీ గుడ్డలో దూరాడు. "ఓరి బాబో! సముద్రంలో తలకిందులైపోయి ఉన్నాది!" ఈసారి కేక ఊరంతా వినబడింది.

జనం మూగారు. ఒకరి తరువాత ఒకరు గుడ్డలో దూరారు. వచ్చిన ప్రతివాడూ దండం పెట్టుకుంటూ వచ్చాడు. నేను నచ్చజెప్పబోయాను. "అద్దంలో అన్నీ అలాగే కనిపిస్తాయి బావా! కావాలంటే మనిషిని నిలబెట్టి చూడు."

అది ఇంకా పెద్ద పొరపాటు. పడవ యజమాని తన బావమరిదిని పడవ పక్కన నిలబెట్టి చూశాడు.

"బావమరిది కూడా ములిగిపోనాడ్రా!"

"నానిక్కడే ఉన్నాను కదేట్రా!" అని పడవ దగ్గర నుంచి బావమరిది కేకేశాడు.

"నువ్వు మాటాడకు! నీ కాళ్ళు పైకి తేలిపోయి ఉన్నాయి!"

వలలు దింపేశారు. ఆ ఒడ్డున ఒక్క పడవా కదలలేదు. ఉత్తరాన పక్క ఊరి తెరచాపలు అప్పటికే నీళ్ళ మీద కనబడుతున్నాయి. వీళ్ళు వాటిని చూస్తున్నారు, తరువాత నన్ను చూస్తున్నారు. ఒక రోజు వేట పోవడమంటే అన్ని ఇళ్ళలో పొయ్యి గురించి ఆలోచించాలి. పడవ యజమాని నా స్టాండు కాలు పట్టుకున్నాడు. "నువ్వొచ్చాకే ఇది జరిగింది. దీన్ని సరిసేసి మరీ ఎల్లు. అందాకా పెట్టె కదలదు, నువ్వూ కదలవు."

ప్రపంచాన్ని సరిచేయమంటే సరిచేయవచ్చు గాని లెన్సుని ఎలా సరిచేస్తాం? వాళ్ళకు అర్థమయ్యేట్టు చెబుదామని చూశాను. మీ కళ్ళలోనూ బొమ్మ తలకిందులుగానే పడుతుంది అన్నాను. అప్పుడు ఒక ముసలాయన, "అయితే మా కళ్ళు కూడా పాడుసేసినావా?" అన్నాడు.

అప్పుడు వచ్చింది ఆ అవ్వ, ఎడమ కాలు ఈడ్చుకుంటూ. కొడుకును పక్కకు తోసి గుడ్డలో దూరింది. లోపల నుంచి "ఊఁ" అంది. బయటికి వచ్చి పెట్టె నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

"దీనికి ఎదురు సెప్పడం అలవాటు. మనం నిలబెడితే ఇది పడేస్తాది. మనం పడేస్తే ఇదే నిలబెడతాది. పడవని బోర్లించండి."

"అమ్మా, పడవని బోర్లిస్తే..."

"ఇసక మీద రోజూ బోర్లిస్తారు కదేటి, పలకల కుట్లు బిగించడానికి! అప్పుడేమైనాది? నీళ్ళలో బోర్లాపడితేనే తప్పు. ఒరే, నోర్లు తెరుసుకుని సూస్తారేటి, పట్టండి!"

పట్టారు. అడుగు పైకి వచ్చేలా పడవను ఇసక మీద బోర్లించారు. అది అటు కాదు ఇటు అంటూ అవ్వ పడవ చుట్టూ, నా కెమెరా ముందున్న తడి ఇసక మీద, ఇష్టం వచ్చినట్టు తిరిగింది. నేను పొద్దున్నుంచి ఎవరినీ అడుగు పెట్టనివ్వని ఇసక అది.

"అవ్వా! ఇసక పాడైపోతోంది, పక్కకు రా!" అని అరిచాను.

"ఒడ్డు మీద అడుగులు లేకపోతే అది ఒడ్డేటి, సచ్చినోడా" అంది, ఆగకుండా.

తరువాత గుడ్డలో దూరి చూసి, కొడుకును పిలిచింది. కొడుకు చూశాడు. గుడ్డలోంచే నవ్వు వినబడింది. "తేలినాది! నా పడవ తేలినాది!" మళ్ళీ అందరూ వరసగా చూశారు. ఈసారి ప్రతివాడూ నవ్వుతూ బయటికి వచ్చాడు. బావమరిది కూడా వచ్చి చూడబోతే, "నువ్వు ఆడే ఉండు, నువ్వింకా సక్కబడలేదు" అని పంపేశారు.

"సరే, ఇక పడవ మామూలుగా పెట్టండి, ఫోటో తీసుకుంటాను" అన్నాను.

అవ్వ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "సక్కగా ఉన్నదాన్ని మళ్ళీ పాడుసేస్తావా? ఇలాగే తియ్యి. ఆ పెట్టెలో మా పడవ ఎప్పటికీ తేలుతూ ఉండిపోవాల. తీసినాకే మావోళ్ళు ఎల్తారు."

ఉన్నది ఒక్క ప్లేటు. బావమరిదిని పక్కకు తప్పించి తీశాను. బోర్లాపడ్డ పడవ ఫోటో తీశాను.

వెంటనే పడవను తిప్పారు, నీళ్ళలోకి తోశారు. ఎండలో అలలు విరిగి తెల్లగా లేస్తుంటే, వాటిని చీల్చుకుంటూ పడవలన్నీ ఒక్కసారి సముద్రంలోకి దూకాయి. నేను నా జన్మలో చూసిన అతి గొప్ప ఫోటో అదే. నా చేతిలో ప్లేటు లేదు.

విజయనగరం చీకటి గదిలో మావే ప్లేటు కడిగాడు. ఎర్ర దీపం ముందు పట్టుకుని చూశాడు.

"గుడ్డ కిందకి ఎవరినో రానిచ్చినావు" అన్నాడు.

యజమాని ఆ ఫోటో చూసి ముందు కుర్చీలో కూలబడ్డాడు, తరువాత లేచాడు. "గృహప్రవేశానికి బోర్లాపడ్డ పడవా! దీన్ని పట్టుకెళ్తే షావుకారు మన ఇద్దర్నీ బోర్లించి కొడతాడు!" నన్ను కొట్టబోయి, ఆ పని షావుకారికే వదిలేశాడు. మళ్ళీ పంపడానికి ప్లేట్లు లేవు, ముహూర్తానికి వ్యవధి లేదు. ఫ్రేములు కట్టించి ఇద్దరం రాజాం వెళ్ళాం. వాటిని మోయడానికే నన్ను తీసుకెళ్ళాడు. దారంతా నా జేబులో పెన్సిలు ముక్క తగులుతూనే ఉంది.

హాలులో షావుకారు గారు ఒక్కొక్క ఫోటో అందుకుని చూశారు. కొండలకు తల ఊపారు. తన బళ్ళను చూసి మురిశారు. ఏటిని చూసి, "నీళ్ళు కాస్త తక్కువున్నాయి, పోనీలే" అన్నారు. "సముద్రమేదీ?" అన్నారు.

నా చేతిలో చివరి ఫ్రేము ఉంది. దాన్ని చూశాను. బోర్లాపడి, నల్లగా, నోరు కింద పెట్టుకుని ఏడుస్తున్నట్టుంది పడవ. ఆ క్షణాన నాకు అవ్వ వేసిన మొట్టికాయ గుర్తొచ్చింది. అది పెట్టెకు కాదు, నాకే వేసిందనిపించింది. ఫ్రేమును తలకిందులుగా తిప్పి షావుకారు గారి చేతిలో పెట్టాను.

నా పక్కన యజమాని ఊపిరి ఆగిన చప్పుడు వినబడింది.

షావుకారు గారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. మిలమిలలాడే నీళ్ళ మీద నల్లని పడవ తేలుతోంది, పొట్ట నీళ్ళలో ఆనించి, హాయిగా. పైన ఇసక తెల్లని ఆకాశమైపోయింది, అసలు ఆకాశం అడుగున నీళ్ళలో కలిసిపోయింది. ఆ ఆకాశంలో చిన్నచిన్న మబ్బులు పాయలుగా పడవ మీదుగా పోతున్నాయి. నేను తీసినప్పుడు అది నాకే తెలియదు.

ఫోటో మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగారు. "ఏ వేళప్పుడు తీసినావు బాబూ ఇది?"

"పొద్దున్నే అండి."

"అదీ సంగతి. మా తాత ఇదే సూసుంటాడు. ఇలాటి మబ్బులున్న పూటే బయలెల్లుంటాడు." వెంటనే మేకు కొట్టించి, దాన్ని అన్నింటికన్నా ముందు తగిలించారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డారు. ఇంకో షావుకారు తన ఇంటికీ అలాంటి సముద్రమే కావాలన్నాడు, అవే మబ్బులతో.

తిరుగు బస్సులో మా యజమాని నా పక్కనే కూర్చున్నాడు. విజయనగరం దగ్గరపడ్డాక నా జేబులోంచి పెన్సిలు ముక్క తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. "రేపటి నుంచి దాన్ని ఇంకెవడైనా పట్టుకుంటాడు" అన్నాడు. ఆ రోజు నుంచి మొన్న మొన్న స్టూడియో పని మానుకునేదాకా, ఈ రెండు జిల్లాల్లో నేను సైకిలు దింపి తీయని కొండ లేదు. ఈ మాటలో అబద్ధం పాలు ఎంతో మీరే లెక్క వేసుకోండి.

కథ అక్కడితో అయిపోయుంటే నాకు ఇంత గర్వం ఉండకపోను. కొంతకాలానికి ఎండుచేపల బండితో భావనపాడు పడవ యజమాని రాజాం సంతకు వచ్చాడు. బండిలో వాళ్ళమ్మ కూడా ఉంది. రాజాం షావుకారి కోసం తీశానని నేను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, మా పడవ బొమ్మ ఎక్కడుందో చూపించమని దారిలో కనబడిన ప్రతివాణ్ణీ అడిగి, చివరికి షావుకారు గారింటికి చేరారు. నేను ఆ వేళ షావుకారు గారి మనవరాలి ఫోటోకని అక్కడే ఉన్నాను. అవ్వను గుమ్మంలో చూడగానే కెమెరాకు నల్లగుడ్డ కప్పేశాను.

అవ్వ ఫోటో ముందు నిలబడింది. కళ్ళు చికిలించింది.

"తేలతన్నాది" అంది తృప్తిగా.

"మబ్బులు సూసినావా అమ్మా, ఎంత బాగున్నాయో!" అన్నారు షావుకారు గారు.

"మబ్బులేటి బాబూ? అయి నా అడుగులు."

షావుకారు గారు నా వైపు తిరిగారు. నేను ధాన్యం బస్తాల వైపు తిరిగాను. ఆయన స్టూలు తెప్పించి ఎక్కి, ఫోటో దించి, తిప్పి పట్టుకుని చూశారు. బోర్లాపడ్డ పడవను, ఇసకను, దాని మీద అడుగులను చూశారు. ఆయన తాతగారు ఆ ఇసక మీదే నడిచి బయలుదేరిన మనిషి. చివరికి ఫోటోను మళ్ళీ తలకిందులు చేసి, ఎప్పుడూ ఉన్నట్టే, తన చేత్తోనే మేకుకు తగిలించారు. వంకర లేకుండా సరిచేశారు కూడా.

అవ్వ ఇంకా దగ్గరికి జరిగింది. వేలితో ఆకాశంలోకి చూపించి కొడుకును పిలిచింది.

"ఒరే, ఆ మబ్బు సూడు. ముల్లు దిగిన కాలది. ఇంకా కుంటతన్నాది."